తవ్విన మట్టి ఎవరి ఖాతాలో?

ముంబయిలోని నారిమన్ పాయింట్ దేశంలోకెల్లా ఖరీదైన నేలల్లో ఒకటి. సముద్రాన్ని పూడ్చి ఏర్పరచిన ఆ నేలకు పెట్టిన పేరు ఖుర్షీద్ ఫ్రామ్‌జీ నారిమన్‌ది. ఆయన న్యాయవాది, కాంగ్రెస్ నాయకుడు, ముంబయి మేయర్‌గా కూడా పనిచేసినవారు. కానీ ఆయన ప్రజాజీవితంలో తొలి పెద్ద పోరాటం అదే తీరంలో, సముద్రాన్ని పూడ్చే ప్రభుత్వ పథకానికి వ్యతిరేకంగానే సాగింది. ఆనాడు ఆయన లేవనెత్తిన ప్రశ్న సాదాసీదాగా కనిపిస్తుంది: సముద్రగర్భం నుంచి తవ్వితీస్తున్న మట్టి ఎంత, అది ఎక్కడికి చేరుతోంది, దానికయ్యే ఖర్చును ఎవరు భరిస్తున్నారు? వందేళ్ల తర్వాత కూడా మన ఓడరేవుల రాజకీయంలో సరైన సమాధానం దొరకని ప్రశ్న అదే.

ఓడరేవులను మనం గోడలుగా, క్రేన్లుగా, కంటెయినర్లుగా ఊహించుకుంటాం. నిజానికి ఓడరేవు అంటే మొదట లోతు. నదులు, అలలు, ఆటుపోట్లు కలిసి ఏటా ఆ లోతును పూడ్చివేస్తుంటాయి. మనిషి ఏటా దాన్ని తవ్వుతుంటాడు. ఈ తవ్వకాన్ని ప్రభుత్వాలు టెండర్లతో, శంకుస్థాపనలతో, లక్షల ఘనపు మీటర్ల లెక్కలతో ఘనంగా ప్రకటిస్తాయి. తవ్విన మట్టి గమ్యం మాత్రం నివేదికల అనుబంధాల్లో ఒక పేరాగా మిగిలిపోతుంది. ఆ పేరాలో రాయకుండా వదిలిన ఖర్చు మాయమైపోదు. ఖజానా మీదో, నది మీదో, తీరంలోని బెస్తవాడల మీదో పడుతుంది. మన దేశ చరిత్రలో దీనికి ఆధారాలు పుష్కలంగా ఉన్నాయి.

బ్యాక్‌బే: బురద మీద వేసిన అంచనా

ముంబయి పడమటి తీరంలోని బ్యాక్‌బేను పూడ్చాలన్న కోరిక 1860లలోనే పుట్టింది. అమెరికా అంతర్యుద్ధం వల్ల భారతీయ పత్తికి వచ్చిన గిరాకీతో నగరంలో డబ్బు వరదలా పారిన రోజులవి. సముద్రాన్ని పూడ్చే కంపెనీల వాటాలు చూస్తుండగానే ఆకాశాన్నంటాయి. 1865లో యుద్ధం ముగియగానే పత్తి ధర పడిపోయింది. దానితోపాటు ఆ వాటాలూ, వాటిని నమ్ముకున్న కుటుంబాలూ కూలిపోయాయి.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ కల మళ్లీ లేచింది. ఈసారి దాన్ని భుజాన వేసుకున్నది ప్రైవేటు కంపెనీ కాదు, గవర్నర్ సర్ జార్జ్ లాయిడ్ నేతృత్వంలోని బొంబాయి ప్రభుత్వం. 1920లో ప్రత్యేకంగా అభివృద్ధి శాఖను నెలకొల్పి, ప్రజల నుంచి రుణం సేకరించారు. నేటికీ ముంబయి వార్తల్లో వినిపించే బి.డి.డి. చాళ్లు ఆ శాఖ కట్టినవే. బ్యాక్‌బేలో 1,145 ఎకరాల నేలను సృష్టించి, అమ్మి, లాభంతో అప్పు తీర్చాలన్నది పథకం. సలహాదారు ఇంజనీరు సర్ జార్జ్ బుకానన్. నగరానికి తూర్పున ఉన్న రేవు అడుగు నుంచి డ్రెడ్జర్‌తో మట్టిని తవ్వి, గొట్టాల ద్వారా కొలాబా మీదుగా పడమటి తీరానికి పంపి, సముద్రపు గోడ వెనుక నింపాలన్నది పద్ధతి. ఇందుకోసం తెప్పించిన డ్రెడ్జర్‌కు గవర్నర్ పేరే పెట్టారు.

కాగితం మీద ఇది చాలా చవకైన ఏర్పాటు. రేవు లోతవుతుంది, తీరం విస్తరిస్తుంది, మట్టికి విడిగా ధర చెల్లించనక్కరలేదు. కానీ ఆ లెక్క మొత్తం రెండు ఊహల మీద నిలబడింది. డ్రెడ్జర్ గంటకు ఇంత మట్టి పంపుతుందన్నది మొదటిది. పంపిన మట్టి వేసిన చోటే నిలుస్తుందన్నది రెండవది. రెండూ తప్పాయి. డ్రెడ్జర్ పనితీరు హామీ ఇచ్చిన స్థాయికి చాలా దూరంలో ఆగిపోయింది. రాళ్లతో పేర్చిన సముద్రపు గోడ సందుల్లోంచి మెత్తని బురద తిరిగి సముద్రంలోకి జారిపోయింది. ఖర్చుపెట్టి తెచ్చిన మట్టి ఆటుపోట్లతో బయటికి పోతూంటే, అంచనా వ్యయం ఏడాదికేడాది పెరిగింది. అమ్ముదామనుకున్న నేల ఇంకా నీళ్లలోనే ఉంది. యుద్ధానంతరపు భూముల ధరలు కూడా అప్పటికి చల్లబడ్డాయి. నగరం ఆ పథకానికి 'లాయిడ్ గారి వెర్రి' అని పేరు పెట్టింది.

బొంబాయి శాసనమండలిలో నారిమన్ దీన్ని వదలలేదు. ద్వంద్వపాలన నాటి మండలి సభ్యుడికి ప్రశ్నించే హక్కు ఉండేది, ఆపే అధికారం మాత్రం పరిమితం. ఆయన ఆ హక్కునే ఆయుధం చేసుకున్నారు. రోజుకు ఎంత మట్టి వచ్చింది, అందులో ఎంత నిలిచింది, అంచనాలు ఎవరు, ఏ పరీక్షల ఆధారంగా వేశారు అని నిలదీశారు. పథకంలో పనిచేసిన హార్వే అనే ఇంజనీరు ఆయన మీద పరువునష్టం కేసు వేశారు. కోర్టు నారిమన్‌ను నిర్దోషిగా విడుదల చేసింది. పాలకుల లెక్కలను ప్రశ్నించిన ప్రతినిధి బోనులో నిలబడి, నిర్దోషిగా బయటికి రావడం ఆనాటి జాతీయోద్యమానికి ఒక నైతిక విజయం అయింది.

ఒత్తిడి పెరగడంతో 1926లో ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించక తప్పలేదు. దానికి అధ్యక్షుడు అలహాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ గ్రిమ్‌వుడ్ మియర్స్. సభ్యుల్లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఒకరు. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాదుకు వరద రక్షణ రూపకల్పన చేసిన ఇంజనీరుగా ఆయన మన పాఠకులకు పరిచితులే. విచారణ తర్వాత పథకాన్ని కుదించారు. కొన్ని ఖండాలను పూర్తిచేసి, అందులో పెద్ద భాగాన్ని సైన్యానికి అమ్మి, మిగిలినవాటిని వదిలేశారు. అనుకున్న 1,145 ఎకరాల్లో సగం కూడా నేల కాలేదు. ఆనాడు వదిలేసిన భాగంలో కొంత స్వాతంత్ర్యానంతరం పూడ్చినదే నేటి నారిమన్ పాయింట్. పూడికను ప్రశ్నించినవాడి పేరు పూడిక మీదే నిలిచింది.

కొచ్చి: అదే దశకం, మరో జవాబు

తవ్విన మట్టితో నేలను సృష్టించడమే తప్పు అని బ్యాక్‌బే కథ చెప్పదు. అదే దశకంలో కొచ్చిలో అలాంటి పనే విజయవంతమైంది. 1341లో పెరియార్ వరదలు కొచ్చి ముఖద్వారాన్ని తెరిచాయని చరిత్రకారులు చెబుతారు. అయితే ఆ ముఖద్వారం ముందు అడ్డంగా పరుచుకున్న ఇసుకమేట పెద్ద ఓడలను లోపలికి రానిచ్చేది కాదు. 1920లో అక్కడికి వచ్చిన రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజనీరు ముందున్న ప్రశ్న కేవలం ఆ మేటను తవ్వడం గురించి కాదు. తవ్వితే పక్కనే ఉన్న వైపీన్ తీరం కోతకు గురవుతుందన్న భయం బలంగా ఉండేది. అందువల్ల ఆయన ముందు అలల తీరు, ఇసుక కదలిక పరిశీలించి, తీరానికి రాతి అడ్డుకట్టల రక్షణ ఏర్పరచి, ఆ తర్వాతే పెద్ద తవ్వకానికి దిగారు.

మద్రాసు, కొచ్చిన్, తిరువాన్కూరు, భారత ప్రభుత్వాల మధ్య ఒప్పందాలు కుదిరి, 'లార్డ్ విల్లింగ్డన్' డ్రెడ్జర్ కాలువ తవ్విన తర్వాత 1928 మే నెలలో 'పద్మ' అనే ఓడ లోపలి రేవులోకి ప్రవేశించింది. లోపలి రేవును లోతు చేయగా వచ్చిన మట్టిని వెండురుత్తి అనే చిన్న దీవి పక్కన నింపి విల్లింగ్డన్ దీవిని నిర్మించారు. రేవు, రైల్వే, నౌకాదళ స్థావరం ఆ మట్టి మీదే నిలిచాయి.

బొంబాయికి, కొచ్చికి తేడా ఇంజనీర్ల ప్రతిభలో మాత్రమే లేదు. కొచ్చిలో మట్టి ఎటు కదులుతుందో, ఎక్కడ నిలుస్తుందో తెలుసుకోవడం పథకంలో మొదటి పని. బొంబాయిలో అది పథకం విఫలమయ్యాక విచారణ సంఘం తేల్చిన విషయం. అయినా కొచ్చి విజయం కూడా శాశ్వతం కాలేదు. తవ్విన కాలువ ఏటా పూడుతూనే ఉంది. దాన్ని తవ్వే భారం ఆ ఓడరేవు ఆదాయాన్ని తినేస్తున్న పెద్ద పద్దుల్లో ఒకటి. దక్షిణాన చెల్లానం గ్రామాల ఇళ్లలోకి కడలి నీరు చొచ్చుకు వస్తూంటే, రేవు నుంచి తీసిన మట్టిని దూరంగా పారబోయకుండా తమ తీరానికి వేయాలని అక్కడి ప్రజలు అడుగుతున్నారు. బ్రిస్టో నాటి జాగ్రత్తను గుర్తుచేస్తున్నది ఇప్పుడు ఇంజనీర్లు కాదు, కోతకు గురైన గ్రామస్థులు.

విశాఖపట్నం అనుభవం ఈ విషయంలో గమనించదగ్గది. 1933లో తెరిచిన లోపలి రేవును ఉప్పుటేరు చిత్తడి నేలను తవ్వి నిర్మించారు. తూర్పు తీరం వెంట ఇసుక ప్రధానంగా దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. ఆ ఇసుక రేవు ముఖాన్ని పూడ్చకుండా 'జేనస్', 'వెల్లెడ్సన్' అనే రెండు పాత ఓడలను ముంచి అలలకు అడ్డుకట్ట చేశారు. అడ్డుకట్ట ఇసుకను ఆపితే, ఆ ఇసుక కోసం ఎదురుచూసే ఉత్తరపు తీరం పలుచబడుతుంది. అందుకే ఓడరేవు దక్షిణాన చిక్కిన ఇసుకను తవ్వి ఉత్తరాన రామకృష్ణా బీచ్ వైపు వేసే పద్ధతి అలవాటైంది. ఇది ఎవరికీ చేసే దానం కాదు. తీరం నుంచి తీసుకున్నదాన్ని తీరానికే తిరిగి ఇవ్వడం.

హుగ్లీ: నదికి వేసిన బిల్లు

మట్టిని నేలగా మార్చే వీలు లేనప్పుడు రెండవ మార్గం దాన్ని మళ్లీ నీళ్లలోకే వదలడం. దీనికి పాఠం కోల్‌కతా. సముద్రానికి దూరంగా నది లోపల ఉన్న ఆ ఓడరేవు మొదటి నుంచీ పూడికతో పోరాడుతూనే ఉంది. నదీముఖంలో తవ్విన మట్టిని అదే నదీముఖంలో మరోచోట వదిలితే, ఆటుపోట్లు అందులో కొంత భాగాన్ని మళ్లీ కాలువలోకే తీసుకువస్తాయి. అలా ఒకే మట్టికి రెండుసార్లు, మూడుసార్లు కూలి చెల్లించిన సందర్భాలు ఏర్పడతాయి. దశాబ్దాల పాటు ఈ ఖర్చు కేంద్ర ప్రభుత్వ రాయితీ రూపంలో దేశమంతా పంచుకుంది.

దీనికి శాశ్వత పరిష్కారంగా వచ్చినదే ఫరక్కా బ్యారేజీ. గంగ మీద ఆనకట్ట కట్టి నీటిని హుగ్లీకి మళ్లించాలన్న ఆలోచనను 1853లోనే చెప్పినవారు మన గోదావరి డెల్టా నిర్మాత సర్ ఆర్థర్ కాటన్. 1975లో ఫరక్కా పనిచేయడం మొదలుపెట్టింది. అదనపు నీరు పూడికను కడిగివేస్తుందన్నది వాగ్దానం. కానీ నదీముఖంలో ఏటా తవ్వాల్సిన మట్టి తగ్గకపోగా పెరిగింది. బ్యారేజీకి ఎగువన పూడిక చేరి నదీగర్భం పైకి లేచింది. మాల్దా, ముర్షీదాబాద్ జిల్లాల్లో వేలాది కుటుంబాల పొలాలు, ఇళ్లు నదిలో కలిశాయి. బిహార్ వరదలకు ఈ పూడికే కారణమంటూ 2016లో ముఖ్యమంత్రి నీతీశ్ కుమార్ ఫరక్కాను తొలగించాలని కోరారు. దిగువన బంగ్లాదేశ్‌తో నీటి పంపకం దౌత్య సమస్యగా మారి, 1996 డిసెంబరులో 30 ఏళ్ల ఒప్పందానికి దారితీసింది.

ఈ ప్రాజెక్టును తొలినాళ్లలోనే వ్యతిరేకించిన ఇంజనీరు కపిల్ భట్టాచార్య మీద దేశద్రోహి ముద్ర వేశారు. బొంబాయిలో ప్రశ్నించినవాడికి పరువునష్టం కేసు, స్వతంత్ర భారతంలో ప్రశ్నించినవాడికి దేశద్రోహి బిరుదు. మట్టి గురించి అడగడం మన దేశంలో ఎప్పుడూ సులభం కాలేదు.

సేతుసముద్రం: వినిపించని వాదన

ఆ ప్రశ్న ఎలా మరుగున పడుతుందో చూడాలంటే సేతుసముద్రం ప్రాజెక్టును గుర్తుచేసుకోవాలి. 2005 జులై 2న మదురైలో ప్రధాని మన్మోహన్ సింగ్ దాన్ని ప్రారంభించారు. 167 కిలోమీటర్ల నౌకామార్గం, 12 మీటర్ల లోతు, దాదాపు 2,400 కోట్ల రూపాయల తొలి అంచనా. తవ్వాల్సిన మట్టి 8 కోట్ల ఘనపు మీటర్లకు పైగా. దానిలో అత్యధిక భాగాన్ని సముద్రంలోనే లోతైన చోట వదలాలన్నది ప్రణాళిక. పక్కనే 21 దీవుల మన్నార్ సింధుశాఖ జాతీయ ఉద్యానం ఉంది. నీటిలో తేలే మట్టి సూర్యకాంతిని అడ్డుకుంటే పగడపు దిబ్బలు, సముద్రపు గడ్డి ఏమవుతాయి? వాటి మీద ఆధారపడిన చేపలు, వాటి మీద బతికే ఇటు తమిళ, అటు శ్రీలంక జాలర్ల గతేమిటి? తుఫానులు ఎక్కువగా వచ్చే ఆ ఇరుకు సముద్రంలో తవ్విన కాలువ ఎన్నాళ్లు నిలుస్తుంది?

2007 నాటికి ఈ ప్రశ్నలన్నీ వెనక్కి వెళ్లాయి. రామసేతువు విశ్వాసమా, చరిత్రా అన్న వాదనే జాతీయ రాజకీయాన్ని ఆక్రమించింది. పురావస్తు శాఖ ప్రమాణపత్రం, దాని ఉపసంహరణ, సుప్రీంకోర్టు ఉత్తర్వులు పతాక శీర్షికలయ్యాయి. విశ్వాసులకు తమ మనోభావాన్ని వినిపించే హక్కు ఉంది, అందులో సందేహం లేదు. కానీ ఒక పక్షం విశ్వాసాన్ని, మరో పక్షం అభివృద్ధిని పట్టుకుని వాదించుకుంటున్నప్పుడు, 8 కోట్ల ఘనపు మీటర్ల మట్టి గురించి, ఏటా నిర్వహణకు అయ్యే ఖర్చు గురించి మాట్లాడిన శాస్త్రజ్ఞుల, మత్స్యకారుల గొంతు ఎవరికీ వినిపించలేదు. ప్రాజెక్టు ఆగిపోయింది. అది ఆగవలసిన కారణాల మీద మాత్రం ఈ దేశంలో నిజమైన చర్చ జరగలేదు.

నిబంధనల్లో ఒక చిన్న వాక్యం

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1991లో తీరప్రాంత నియంత్రణ మండలి నోటిఫికేషన్, 1994లోనూ మళ్లీ 2006లోనూ పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్లు వచ్చాయి. 2006 జాబితాలో ఓడరేవులను చేర్చారు. 2009 డిసెంబరులో చేసిన సవరణలో కొత్త కాలువల తవ్వకానికి అనుమతి తప్పదని స్పష్టం చేస్తూనే, నిర్వహణ తవ్వకానికి మినహాయింపు ఇచ్చారు. తొలి ప్రతిపాదనలో అది భాగమై, పర్యావరణ ప్రణాళిక ఉండి, అనుమతి పొంది ఉంటే మళ్లీ మదింపు అక్కరలేదు.

పరిపాలనా దృష్టితో చూస్తే ఇందులో తర్కం ఉంది. ఏటా చేసే పనికి ఏటా అనుమతి తెచ్చుకోమంటే రేవులు మూతపడతాయి. కానీ కొత్త కాలువ తవ్వకం ఒకసారి జరిగేది, నిర్వహణ తవ్వకం ఎప్పటికీ ఆగనిది. కొన్ని దశాబ్దాల్లో రెండవదాని మొత్తం మొదటిదాన్ని మించిపోతుంది. పైగా రేవులో కొత్తగా చేరే మెత్తని బురదే పరిశ్రమల, నగరాల మురుగులోని భార లోహాలను, చమురును ఎక్కువగా పట్టి ఉంచుతుంది. ఇసుక తీరానికి పనికివస్తుంది, బురద రాదు. అంటే ఎక్కువ పరీక్ష అవసరమైన మట్టికే తక్కువ పరీక్ష దక్కుతోంది. ఒకసారి ఇచ్చిన అనుమతి నీడలో ఏళ్ల తరబడి వేర్వేరు మట్టి సముద్రంలోకి పోతుంది.

దీనికి ఖర్చు ఒత్తిడి తోడవుతుంది. తవ్విన మట్టిని మోసుకెళ్లే డ్రెడ్జర్‌కు పారబోసే స్థలం ఎంత దూరమైతే అంత ఇంధనం, అంత సమయం. దూరం ఒక్క కిలోమీటరు తగ్గినా ఏడాదికి ఆదా అయ్యేది చిన్న మొత్తం కాదు. కాబట్టి దగ్గరలోనే వదిలేయాలన్న ప్రలోభం ప్రతి కాంట్రాక్టులోనూ ఉంటుంది. విశాఖ కేంద్రంగా 1976లో ఏర్పడిన ప్రభుత్వ రంగ సంస్థ డ్రెడ్జింగ్ కార్పొరేషన్‌లో కేంద్రం తన వాటాను 2019లో విశాఖ, పారాదీప్, జవహర్‌లాల్ నెహ్రూ, దీనదయాళ్ ఓడరేవులకు అమ్మింది. పని చేయించుకునేవారే ఇప్పుడు పని చేసే సంస్థకు యజమానులు. ఇందులో అక్రమం ఉందని నేను అనడం లేదు. మట్టి లెక్కను బయటి నుంచి చూసే స్వతంత్రమైన కన్ను మరింత అవసరమైందని మాత్రమే అంటున్నాను.

మళ్లీ అదే తీరానికి

ముంబయికి ఉత్తరాన, పాల్ఘర్ జిల్లా డహాణు తీరంలో వాఢవణ్ ఓడరేవును నిర్మిస్తున్నారు. 1998లో, సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన డహాణు పర్యావరణ ప్రాధికార సంస్థ జస్టిస్ చంద్రశేఖర్ ధర్మాధికారి నేతృత్వంలో ఇక్కడి ఓడరేవు ప్రతిపాదనను తిరస్కరించింది. అదే సంస్థ 2023లో షరతులతో సమ్మతించింది. 2024లో కేంద్ర మంత్రివర్గం 76,220 కోట్ల రూపాయల ప్రాజెక్టుకు ఆమోదం తెలిపింది. 1,448 హెక్టార్ల సముద్రాన్ని పూడ్చాలి. అంటే మూడున్నర వేల ఎకరాలకు పైగా, బ్యాక్‌బే పథకానికి మూడింతలు. అందుకు అవసరమైన దాదాపు 20 కోట్ల ఘనపు మీటర్ల ఇసుకను దమణ్ తీరానికి ఆవల సముద్రగర్భం నుంచి తవ్వి తీసుకురావాలి. అక్కడి మత్స్యకారులు ఏళ్లుగా దీన్ని వ్యతిరేకిస్తున్నారు.

దేశానికి లోతైన ఓడరేవులు అవసరం. పెద్ద ఓడలు కొలంబోలో సరుకు దించి చిన్న ఓడల్లో మనకు పంపే పరిస్థితి మారాలని కోరుకోవడంలో తప్పు లేదు. కానీ ఆ అవసరం పేరుతో ప్రశ్నను మూసివేయకూడదు. ప్రతి ఓడరేవు ఏటా ఎంత మట్టి తవ్విందో, దాని స్వభావం ఏమిటో, ఎక్కడ వదిలిందో, ఆ చోట ఆ తర్వాత ఏమైందో బహిరంగంగా ప్రకటించాలి. పారబోసే ప్రయాణాల ఉపగ్రహ జాడ ప్రజలకు అందుబాటులో ఉండాలి. నిర్వహణ తవ్వకానికిచ్చిన మినహాయింపును కొన్నేళ్లకోసారి, మట్టి పరీక్షల ఆధారంగా సమీక్షించాలి. శుభ్రమైన ఇసుక మీద మొదటి హక్కు కోతకు గురవుతున్న పొరుగు తీరానిదని చట్టంలో రాయాలి. ఓడరేవుల మంత్రిత్వ శాఖ ఈమధ్య చెబుతున్న 'వ్యర్థం నుంచి సంపద' అన్న మాట ఇసుకను అమ్ముకోవడంతో ఆగిపోతే, ఆ తీరాలకు దక్కేదేమీ ఉండదు.

వీటిలో ఏదీ అసాధ్యమైన కోరిక కాదు. పరాయి పాలనలో, అధికారం లేని ఒక మండలి సభ్యుడు గంటకు ఎన్ని గజాల మట్టి అని అడిగి ఒక గవర్నర్ పథకాన్ని విచారణ సంఘం ముందు నిలబెట్టగలిగాడు. నేటి పార్లమెంటులో తీరప్రాంత నియోజకవర్గాల సభ్యులకు ఆయనకు లేని అధికారాలు ఎన్నో ఉన్నాయి. వారిలో ఎందరు తమ రేవు మట్టి ఎక్కడికి పోతోందని అడిగారో ఓటర్లు తెలుసుకోవలసి ఉంది.